ఏడు నిమిషాల బ్యాటరీ

ఎల్లారెడ్డిలో ఘనీ భాయ్ గొంతు వినని మనిషి ఉంటే, ఆ మనిషి ఊరికి కొత్తయినా అయ్యుండాలి, చెవులు పాతబడైనా ఉండాలి. ఆ బుధవారం పొద్దున చాయ్ గ్లాసు సగం కూడా కాకముందే ఆ గొంతు లేచింది.

"ఏంది బేగం, దీనికి పొట్టొచ్చింది? నెలలు నిండినట్టున్నయి గదా!"

వంటగది గట్టు మీదున్న లాప్‌టాప్ వాలకం నిజంగానే అలా ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బి అడుగు భాగాన్ని బయటికి తోసేసింది. మూత పడదు. నేల మీద పెడితే కుంటి పీటలా ఊగుతుంది. పేరుకు ఒళ్లో పెట్టుకునే కంప్యూటరే కానీ, చాలా కాలంగా గుంజకు కట్టేసిన గేదెలా గోడ ప్లగ్గును పట్టుకునే బతుకుతోంది. పోయిన వారం దాకా వైరు పీకితే ఏడు నిమిషాలు బ్యాటింగ్ చేసేది. ఈ సోమవారం నుంచి ఆ ఏడు నిమిషాలూ లేవు. కరెంటు అవుటైన క్షణమే బ్యాటరీ కూడా అవుట్.

"మార్పిద్దామని పది దినాల సంది చెప్తున్న," అంది అన్వరి బేగం, పెనం మీద రొట్టె తిప్పుతూ. "కామారెడ్డిల దొరుకుతదట."

"తొమ్మిదేండ్ల ముసలిదానికి కొత్త గుండె పెట్టిస్తవా? పాత సామానోనికి వేస్తే కిలో ఉల్లిగడ్డలన్న వస్తయి."

"నాకు దాంతోని పని ఉన్నది."

"ఏం పని? బిర్యానీ వీడియోలేనా? ఫోన్ల చూస్తే బిర్యానీ ఉడకదా?"

అన్వరి ఇంకో రొట్టె పెనం మీద వేసింది. ఇంటి చార్జి అంతా ఆమెదే కానీ, మాటకు మాట చార్జి చేసే అలవాటు మాత్రం లేదు. అప్పుడే కూతురు ఖుష్నుమా ఫోన్ చేసింది. ఆ లాప్‌టాప్ ఒకప్పుడు ఆమెదే. పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు కొన్నారు. పెళ్లై కామారెడ్డికి వెళ్లి, బడిలో టీచరయ్యాక కొత్తది కొనుక్కుని, పాతదాన్ని తల్లికి వదిలింది.

"అమ్మీ, దానికి బ్యాటరీ దండగ," అంది స్పీకర్లో. "కొత్తది కొందాం. నేను తెచ్చిస్త."

"ఒగరేమో కొత్తది కొంటనంటరు, ఒగరేమో పాత సామానోనికి వేస్తనంటరు," అంది అన్వరి. "నాకేం కావాల్నో నన్నెవరూ అడుగరు. నాకు ఇదే కావాలె. బ్యాటరీ మారిస్తే చాలు."

"ఎందుకో చెప్పు మరి!" అన్నాడు ఘనీ.

ఆమె రొట్టె వైపు చూసింది. రొట్టె మాడుతోంది.

ఘనీది కాలిన మోటార్లను మళ్లీ చుట్టే పని. ముప్పై ఒక్క ఏళ్లుగా బోరు మోటార్లను చుట్టీ చుట్టీ, చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ చుట్టాలను చేసుకున్నాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క గోడ, గడపకు ఒక తెర. మోటారు లోపలి సన్నని చీలికల్లాంటి గాళ్లలో రాగి తీగ ఎన్ని చుట్లు ఉండాలో అన్నే ఉండాలి. తక్కువైతే వేడెక్కి కాలిపోతుంది. ఎక్కువైతే నీళ్లు పైకి లాగదు. అందుకే కాలిన మోటారు వస్తే మొదట పాత తీగను ఒక్కో చుట్టే విప్పుతూ లెక్కపెట్టాలి. ఆ లెక్క పైకి అంటూ పెట్టాలని ఘనీకి ఆయన ఉస్తాద్ నేర్పాడు. ఉస్తాద్ పైకి అనమన్నాడు, ఘనీ బజారుకు అందేలా అన్నాడు. మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా వీధి వీధంతా వింటుంది.

ఒకసారి తన చేతి కింద పడ్డ మోటారు ఏళ్ల తర్వాత మళ్లీ వస్తే మాత్రం ఆయన లెక్కపెట్టడు. "నా చెయ్యి తాకిన మోటారుకు లెక్కెందుకు? ఇక్కడున్నది," అని కణత మీద వేలితో కొట్టుకుంటాడు. అదే ఆయన గొప్ప, అదే ఆయన దుకాణానికి బోర్డు.

"ఇంత దానికి కామారెడ్డి దాక ఎందుకు?" అంటూ ఘనీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "స్టార్టర్ కాలితే రైతు ఏం చేస్తడు? మోటారుకు కరెంటు డైరెక్ట్ ఇస్తడు!"

అన్వరి వద్దు వద్దంటుండగానే ఉబ్బిన బ్యాటరీని ఊడదీసి, వాకిట్లో ఇసుక తట్టలో పెట్టి వచ్చాడు. ప్లగ్గు పెట్టాడు. లాప్‌టాప్ వెలిగింది. ఘనీ ముఖం దానికంటే ఎక్కువ వెలిగింది.

"చూసినవా? బ్యాటరీ లేదు, బాధ లేదు!"

"కరెంటు పోతే?"

"పోతే వస్తది. పోయి రానిది మనుషులే బేగం, కరెంటు కాదు."

పది గంటలకు దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగింది. తాడ్వాయి భూమయ్య దిగాడు. వెనకాల ఆయన మోటారు పడుకుని ఉంది. సోమవారం ఘనీ చుట్టి ఇచ్చిన మోటారే.

"ఏం చుట్టినవయ్య ఘనీ భాయ్? నిన్న దించితిమి, పొద్దుగాల ఊకె ఆగుడు, ట్రిప్పు మీద ట్రిప్పు. గుంజి చూస్తే లోపల అంత మాడిపోయింది. ఒక్క దినం నడిచింది నీ చుట్టుడు!"

"వోల్టేజి తక్కువ వచ్చుంటది..."

"పక్క బాయికి లేని లోవోల్టేజి నాకే వచ్చిందా? దోమకొండాయనది గట్లనే కాల్చినవట. పోచారం దిక్కు ఇంకొకటి. ఈ నెలల నాది మూడోది. నాటేసి పన్నెండు దినాలైంది భాయ్, మడి నెర్రెలు వడ్తున్నది. చుట్టుడు మరిచినవా ఏంది?"

చివరి మాట ఘనీకి ఎక్కడో తగిలింది. మోటారు విప్పాడు. తీగల పైపొర కరిగి, అంతా కలిసి నల్లని ముద్దయింది. ఇక లెక్కపెట్టడానికి లేదు. పోనీ, ఈ మోటారు ఆరేళ్ల కిందట మొదటిసారి వచ్చింది తన దగ్గరికే. అప్పుడు లెక్క పెట్టింది తనే. నలభై రెండు. సోమవారం అదే చుట్టాడు. నలభై రెండేనా? నలభై ఆరా?

ఘనీ కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ పిలవకుండానే వచ్చి నిలబడే అంకె ఈసారి పిలిచినా రాలేదు. తలలో ఆ చోట ఖాళీ గాడి మాత్రమే ఉంది.

"ఎన్ని చుట్లు భాయ్?" అన్నాడు భూమయ్య.

"ఆగు... చెప్త."

గోడ వెనక హడావిడిగా కుర్చీ లాగిన చప్పుడైంది. అంతలోనే దుకాణంలో ఫ్యాను ఆగిపోయింది. లైను మీద కొమ్మలు కొట్టే పనట, ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ వెంటనే వెనక నుంచి "యా అల్లా" అన్న మాట వినిపించింది. తెర తొలగింది. దుకాణంలో జనం ఉండగా ఒక్కనాడూ ముందుకు రాని అన్వరి, లాప్‌టాప్‌ను చంటిపిల్లలా రెండు చేతులా పట్టుకుని గడపలో నిలబడింది.

"బ్యాటరీ ఎందుకు తీసిన్రు?" అంది. "అంత ఆగమైపోయింది. ఫైలు తెరుచుకుంట లేదు!"

"రైతు నిలబడి మొత్తుకుంటుంటే నీ డబ్బ లొల్లి ఏంది?" ఘనీకి తన తల మీది కోపం తీర్చుకోవడానికి ఒక దారి దొరికింది. "వంటల పెట్టె పోతే పోయింది! నా మోటారు కంటే ఎక్కువనా అది?"

"ఆయన మోటారు కోసమే..."

అన్వరి ఆగింది. భూమయ్య వైపు చూసింది. చెప్పబోయిన మాటను మింగింది. ఆ మింగడం ఘనీ చూశాడు కానీ, అర్థం కాలేదు.

"కామారెడ్డి పోదాం. ఇప్పుడే."

"నాకు పని లేదనుకున్నవా?"

"లేదు," అంది. "ఇది బాగయ్యేదాక మీకు పని లేదు."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గోడ అన్వరి నోట అంత గట్టి మాట విన్లేదు. భూమయ్య టవల్ దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకు రేపటికి నీళ్లు గావాలె భాయ్. కాదంటే చెప్పు, ఇంకొక తాన చుట్టిపిచ్చుకుంట. నిన్ను కాదని పోవుడు నాకూ బాధనే," అన్నాడు మెత్తబడి.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో లాప్‌టాప్ సంచీ. ఘనీ అంతసేపు నోరు మూసుకోవడం చూసి, ఆయన్ను ఎరిగిన కండక్టర్ "పన్ను నొప్పా భాయ్?" అని అడిగాడు. తల నొప్పి అనబోయి, ఆ మాటకు తనే భయపడి, ఘనీ కిటికీ వైపు తిరిగాడు. నలభై రెండు, నలభై ఆరు, నలభై... కామారెడ్డి వచ్చేదాకా అంకెలు అలా తిరుగుతూనే ఉన్నాయి. ఏదీ నిలబడలేదు.

ఖుష్నుమా చెప్పిన కంప్యూటర్ రిపేరు దుకాణం స్టేషన్ రోడ్డులో ఉంది. ఫోన్ అందగానే ఆమె సగం రోజు సెలవు పెట్టి అప్పటికే వచ్చి కూర్చుంది. దుకాణం నడిపే సునీల్‌కుమార్ లాప్‌టాప్‌ను తిప్పి చూసి నిట్టూర్చాడు.

"బ్యాటరీ తీసేసి నడిపిన్రా అంకుల్?"

"డైరెక్ట్ ఇచ్చిన," అన్నాడు ఘనీ. ఈసారి ఆ మాటలో వెలుగు లేదు.

"ఉబ్బిన బ్యాటరీ తీసుడు మంచిదే అయింది, లేకుంటే అంటుకునేది. కానీ బ్యాటరీ లేకుంట పని చేసుకుంటుంటే కరెంటు పోయినప్పుడు ఫైలు సగంల తెగుతది. చూద్దాం, పాత కాపీ లోపల ఎక్కడన్న ఉండొచ్చు." ఈ మోడల్‌కు సరిపడే బ్యాటరీ ఒకటి బీరువాలోంచి తీసి బిగించాడు. "ఇది చూసుడు కోసమే పెడుతున్న. కొనాల్నా వద్దా మీరు తర్వాత చెప్పున్రి."

అన్వరి పెదవులు కదులుతున్నాయి. దువా చదువుతోంది. బిర్యానీ వీడియోల కోసం ఎవరైనా దువా చదువుతారా అని ఘనీకి అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

పావుగంట గడిచింది. "దొరికింది," అన్నాడు సునీల్‌కుమార్. తెర మీద పెద్ద పట్టిక తెరుచుకుంది. అతను కిందికి జరుపుతూ పోయాడు. పట్టిక అయిపోలేదు. ఇంకా జరిపాడు. ఇంకా ఉంది. "బాప్ రే! ఏం లిస్టు ఇది? నాలుగు వేల ఆరువందల పద్దెనిమిది లైన్లున్నయి. ఏదో తాడ్వాయి భూమయ్య అని వెతికి పెట్టి ఉన్నది. గాళ్లు ఇరవై నాలుగు, చుట్లు నలభై ఎనిమిది..."

ఘనీ ఘనీభవించాడు.

నలభై ఎనిమిది. ఆ అంకె చెవిలో పడగానే తలలో తలుపు తెరుచుకుంది. నలభై ఎనిమిదే! కణత మీద కొట్టుకోబోయిన వేలు మధ్యలోనే ఆగిపోయింది. ముందుకు వంగాడు. పేరు, ఊరు, తేదీ, గాళ్లు, చుట్లు, తీగ మందం. వరసగా మోటార్లు, మోటార్లు, మోటార్లు. తన మోటార్లు. మొట్టమొదటి వరసలో లింగంపేట చిన్నవ్వ. తను సొంతంగా చుట్టిన మొదటి మోటారు ఆమెదే. మోటారు నడిచిందని చెప్పడానికి ఆ ముసలవ్వ ఎల్లారెడ్డి దాకా నడిచొచ్చి, తన తల మీద తడి చెయ్యి పెట్టి పోయింది. ఆ సంగతే మరిచిపోయాడు. ఇప్పుడు ఆ తడి నెత్తి మీద తగిలింది.

"ఇవన్నీ... నీకెట్ల తెలుసు బేగం? నేనెప్పుడూ చెప్పలేదు గదా?"

"చెప్పుడేంది?" అంది అన్వరి. "మీ గొంతేమన్న చిన్నదా? గోడ ఇవతల కూరగాయలు కోసుకుంట విన్న. ఇంటికొచ్చిన కొత్తల మీరు ఎవరిమీదనో అరుస్తున్నరనుకున్న. చిన్నవ్వ మోటారు అయ్యేలోపే తెలిసింది, లెక్కవెడ్తున్నరని. ఏడో తరగతి దాక చదివిన అక్షరాలు ఊకె పోతయని నోటుబుక్కుల రాసుకున్న. ఒకసారి వానకు రెండు బుక్కులు నానితే ఎండబెట్టి మళ్ల రాసిన. ఖుష్నుమా ఈ డబ్బ ఇచ్చినంక అన్నీ దీంట్ల ఎక్కించిన."

"అమ్మీ! నాకు కూడ చెప్పలే," అంది ఖుష్నుమా. "టైపింగ్ నేర్పమంటే ఏదో సరదాకనుకున్న."

సునీల్‌కుమార్ లాప్‌టాప్‌ను ఘనీ వైపు తిప్పాడు. ఘనీ రాగి తీగలతో మొద్దుబారిన వేలితో మెల్లగా పట్టికను జరిపాడు. అప్పుడు కుడి కొసన నిలువు గడులు కనిపించాయి. పైన అంతా ఖాళీ. రెండేళ్ల కిందటి నుంచి అక్కడక్కడ రెండు మాటలు మొదలయ్యాయి: "గుర్తు చేసిన."

మొదట నెలకు ఒకటి. తర్వాత వారానికి ఒకటి. ఈ మధ్య దాదాపు ప్రతి పాత మోటారు పక్కనా అవే మాటలు. గుర్తు చేసిన. గుర్తు చేసిన. గుర్తు చేసిన.

ఘనీకి మెల్లగా అర్థమైంది. పాత మోటారు విప్పి కూర్చున్నప్పుడల్లా తెర సందులోంచి చాయ్ వచ్చేది. చాయ్‌తో పాటు ఒక మాట కూడా వచ్చేది. "అజీ, పొద్దున యాభై రెండు యాభై రెండు అనుకుంటున్నరు, ఏందది?" అనేది. "నేనెప్పుడన్న?" అని అనుకునేలోపే, అవును, యాభై రెండే కదా అనిపించేది. చాయ్ తాగేవాడు, యాభై రెండు చుట్టేవాడు, కణత మీద కొట్టుకునేవాడు. ఇన్నాళ్లూ తను కొట్టుకున్న కణత తనది కాదు.

చివరికి వచ్చాడు. పోచారం మోటారు పక్కన: "ఏడు నిమిషాలు చాలలేదు." దోమకొండ మోటారు పక్కన కూడా అదే. సోమవారం, తాడ్వాయి భూమయ్య: "కరెంటు లేదు. చెప్పలేకపోయిన."

ఘనీ కీబోర్డును చూశాడు. పై వరుసలో అంకెలు అరిగిపోయి మీటలు నున్నగా అయ్యాయి. నాలుగు కనబడనే కనబడదు. ఎనిమిదిలో సగమే మిగిలింది. ముప్పై ఏళ్లు తను రాగిని చుట్టాడు. ఈమె తననే చుట్టి, ఒక్క చుట్టు పోకుండా దాచింది.

"నాకు తెల్వకుంట ఎందుకు చేసినవ్?" అన్నాడు. గొంతు పక్క కుర్చీకి కూడా అందనంత చిన్నగా ఉంది. "మరుస్తున్నవని మొఖం మీద చెప్పొచ్చు గదా?"

"చెప్తే మీరు ఆ పని మీద కూసునేటోళ్లేనా? చేతులు మంచిగనే ఉన్నయి. అంకె ఒక్కటే జారుతున్నది. జారినకాడ నేను పట్టుకుందామనుకున్న. ఇయ్యాల భూమయ్య ముందర నోటి దాక వచ్చింది... చెప్పలేకపోయిన." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మూడు మోటార్లు కాలినయి. ఆళ్ల మడులు నా వల్లనే ఎండినయి. బ్యాటరీ గురించి కొట్లాడి అడగాల్సి ఉండె."

"నీ వల్లనా!" ఘనీ లేచి నిలబడ్డాడు. ఏదో పెద్ద మాట అనాలనుకున్నాడు. వచ్చింది ఏడుపు. స్టేషన్ రోడ్డులో పదిమంది చూస్తుండగా ఆ పెద్ద మనిషి టోపీ తీసి, దానిలోనే ముఖం దాచుకుని ఏడ్చాడు. ఖుష్నుమా వచ్చి తండ్రి భుజం పట్టుకుంది.

"అబ్బాజాన్, డాక్టర్‌కు చూపిద్దాం. తొందరగ చూపిస్తే మంచిది. ఈ శుక్రవారమే."

"పోదాం," అన్నాడు. వాదించలేదు. అది చూసి ఖుష్నుమాకు కూడా కళ్లు నిండాయి.

సునీల్‌కుమార్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "మరి బ్యాటరీ సంగతి? నిజం చెప్పాలంటే మిషన్ పాతది. ఫైలు కొత్తదాంట్లకు ఎక్కించి ఇస్త, ఈ ముసలిదాన్ని వదిలెయ్యొచ్చు."

"అదే నేనంటున్న," అంది ఖుష్నుమా. "అబ్బాజాన్, మీరు చెప్పున్రి."

ఘనీ ముఖం తుడుచుకున్నాడు. "నన్నడుగుతరేంది? దుకాణం ఎవరిదో ఇప్పుడే తెలిసింది గదా. బేగం, నువ్వు చెప్పు."

అన్వరి కొత్త లాప్‌టాప్‌ల వరుస వైపు ఒకసారి చూసింది. తిరిగి తన పాతదాని మీద చెయ్యి వేసింది. "అంకెలు అరిగినా నా వేళ్లకు తొవ్వ తెలుసు. కొత్తదాని మీద వెతుకుతుంటే చాయ్ చల్లారిపోతది. దీనికి బ్యాటరీ మార్చున్రి. ఫైలు మటుకు ఖుష్నుమా తాన ఇంకొకటి పెట్టున్రి. నేను కూడ మరిస్తే?"

"రెండు బ్యాటరీలు ఇయ్యి బాబూ," అన్నాడు ఘనీ. "ఒకటి దానికి, ఒకటి నాకు."

అన్వరి కన్నీళ్ల మధ్యే ఫక్కున నవ్వింది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని నలభై ఎనిమిది చుట్లు చుట్టి, మధ్యాహ్నానికి మోటారును భూమయ్య ట్రాలీ ఎక్కించాడు. అతను బయల్దేరబోతుంటే ఆగమని, స్కూటర్ తీసి, తెర దగ్గరికి వచ్చి పిలిచాడు.

"నడువు బేగం, తాడ్వాయి పోదాం."

"నేనెందుకు?"

"నడువు."

బోరు దగ్గర నలుగురు మనుషులు పైపుకు మోటారు బిగించి లోపలికి దించారు. అన్వరి గట్టు మీద నిలబడి చూస్తోంది. "బేగమమ్మ కూడ వచ్చింది! పేరులనే వరి వెట్టుకున్న మనిషి, మా వరి చూద్దామని వచ్చిందా?" అన్నాడు భూమయ్య.

"భూమయ్యా," అన్నాడు ఘనీ. పక్క మడుల్లో కలుపు తీసేవాళ్లు కూడా తలెత్తేంత గట్టిగా చెప్పాడు. "మొన్న నీ మోటారు కాల్చింది నేను. లెక్క మరిచిన. ఈసారి లెక్క చెప్పింది ఈమె. ఇయ్యాల సంది నీ మోటారుకు ఏమన్నయితే నన్ను కాదు, ముందు ఈమెనడుగు."

భూమయ్య ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. స్టార్టర్ పెట్టె తలుపు తెరిచి, పక్కకు జరిగాడు. "అయితే నువ్వే ఒత్తమ్మా."

అన్వరి పచ్చ మీట ఒత్తింది. భూమి కింద ఎక్కడో ఏదో మూలిగింది. పైపు దగ్గింది. గాలి, తర్వాత ఎర్రని బురద, మళ్లీ గాలి. ఆ తర్వాత ఒక్కసారిగా పైపు నోరు నిండా తెల్లటి నీళ్లు దూకాయి. అన్వరి ఒక అడుగు వెనక్కి వేసింది. నాలుగు వేల ఆరువందల మోటార్ల లోపలి లెక్క తెలిసిన మనిషి, ఒక్క మోటారు నీళ్లు పోయడం కూడా ఇప్పటిదాకా చూడలేదు.

"ఇన్ని నీళ్లా?" అంది నమ్మలేక. రెండు చేతులూ ధార కింద పెట్టింది. నీళ్లు ఆ చేతుల్ని కిందికి తోసేశాయి. మళ్లీ పెట్టింది. "ఇంత బలంగనా? ప్రతి ఊరిల గిట్లనేనా?"

"గిట్లనే," అన్నాడు ఘనీ.

నీళ్లు తొట్టి నిండి కాలువలోకి దిగాయి. నెర్రెలిచ్చిన మట్టి చిన్న చప్పుడుతో వాటిని తాగుతోంది, తాగి దారి ఇస్తోంది. అన్వరి చెప్పులు విడిచి చేత పట్టుకుని, నీటి మొన ఎంత వేగంగా పోతే అంతే వేగంగా దాని పక్కన గట్టు మీద నడవడం మొదలుపెట్టింది. ఘనీ వెనకాలే వచ్చాడు.

"ఇది ఎంత దూరం పోతది?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

ఘనీ చెప్పబోయి ఆగాడు. మోటారు దించి, ధార రాగానే స్కూటర్ ఎక్కేయడమే ఇన్నేళ్లూ ఆయన ఎరిగిన పని.

"తెల్వదు బేగం," అన్నాడు. "నేను కూడ ఎన్నడు ఇంత దాక రాలే."

ఆయన కూడా చెప్పులు విడిచాడు. నీళ్లు మొదటి మడిలోకి మలుపు తిరిగాయి. ఇద్దరూ వాటి వెంటే మలుపు తిరిగారు.